ఇంటిగుట్టు – సౌతాల్ తోబుట్టువులు

‘సౌతాల్ బ్లాక్ సిస్టర్స్’ అన్న పేరును తెలుగు చేయబూనితే రెండవ మాట దగ్గరే కలం ఆగిపోతుంది. ‘నల్ల అక్కచెల్లెళ్లు’ అంటే మన చెవికి మేనిఛాయ ప్రసక్తిగా వినబడుతుంది. 1970లనాటి బ్రిటనులో ఆఫ్రికా, కరీబియన్ దీవులనుండి వచ్చినవారూ, మన ఉపఖండంనుండి వెళ్లినవారూ ఒకే వివక్షకు గురి అయ్యేవారు గనుక, ఉద్యమాలలో ఉన్నవారు తమనందరినీ కలిపి ‘బ్లాక్’ అని చెప్పుకొన్నారు. వర్ణవాచకం కాస్తా పక్షవాచకమైంది. ‘సిస్టర్స్’కు మాత్రం మనకు చక్కని మాట ఉన్నది – తోబుట్టువులు. ఈ వ్యాసంలో ఆ మాటే వాడుకొంటాను.

సౌతాల్ పశ్చిమ లండనులో, హీత్రూ విమానాశ్రయానికి చేరువగా ఉన్న పేట. 1950లలో అక్కడి వుల్ఫ్ రబ్బరు కర్మాగారంలో పనికి కుదిరిన పంజాబీలతో ఆ పేట క్రమంగా నిండింది. 1976లో గుర్దీప్ సింగ్ ఛగ్గర్ అనే యువకుడు అక్కడి వీధిలోనే హత్యకు గురయ్యాడు. 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పక్షం సౌతాల్ టౌన్‌హాలులో ఎన్నికల సభ జరిపింది. దానిని నిరసింపవచ్చినవారిలో బ్లెయిర్ పీచ్ అనే న్యూజిలాండు ఉపాధ్యాయుడు తలపై దెబ్బ తగిలి మరణించాడు. ఆ దెబ్బ బహుశా పోలీసుదే అని పోలీసుల సొంత విచారణ చెప్పిన సంగతి 2010లో గాని లోకానికి తెలియలేదు. నా వృత్తివాడు గనుక కాబోలు, ఈ పేరు దగ్గర నేను కొంతసేపు ఆగాను.

అదే సంవత్సరం జనవరిలో హీత్రూలో మరొక ఘోరం జరిగింది. వివాహమాడుటకై వచ్చిన ముప్పైఐదేళ్ల భారతీయ స్త్రీకి, ఆమె నిజముగా అవివాహితయేనా అని తేల్చుకొనుటకు, కన్యాత్వ పరీక్ష చేశారు. పత్రికలలో వచ్చి, మన ప్రభుత్వం నిరసించిన పిమ్మట ఆ పద్ధతి ఆగింది. అటువంటి పరీక్షలు 80 మందికి పైగా స్త్రీలకు జరిగినట్లు పాత ప్రభుత్వ పత్రాలవలన 2011లో బయటపడింది. ఈ నేపథ్యంలో 1979 నవంబరులో ఆసియా, ఆఫ్రికా–కరీబియన్ మూలాల స్త్రీలు కొందరు కలిసి తోబుట్టువుల సంఘాన్ని ఏర్పరచారు. 1982లో ప్రజ్ఞా పటేల్ వచ్చి చేరారు. నాటి గ్రేటర్ లండన్ కౌన్సిల్ ఇచ్చిన నిధులతో ఒక కార్యాలయం వెలిసింది.

తలుపు తెరవగానే లోపలికి వచ్చిన స్త్రీలు వీధిలోని జాత్యహంకారుల గురించి మాత్రమే చెప్పలేదు. భర్త కొట్టడం, అత్తవారు గదిలో పెట్టి గడియ వేయడం, బలవంతపు పెళ్లి – ఇవే ఎక్కువ. ఇక్కడినుండి చిక్కు మొదలైంది. మనవారిలో పెద్దలు అన్నారట: తెల్లవాడు మనమీద వేలెత్తి చూపే కాలమిది, ఇప్పుడు ఇంటి సంగతులు బయట పెట్టవచ్చునా? ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న మన సామెత ఇంగ్లండు పంజాబీలోనూ ఏదో రూపంలో వినబడే ఉంటుంది.

ఏళ్ల తరబడి తరగతి గదిలో ఈ సామెతకు అర్థం చెప్పినవాణ్ణి గనుక ఒక మాట. గుట్టు చెప్పినవాడు విభీషణుడే, నిజమే. అయితే చెప్పిన సంగతి యేమిటి? పరస్త్రీని చెరబట్టి తెచ్చిన ఇంట్లో ఇక గుట్టుగా మిగిలేది ఏమున్నది? లంకకు చేటు మూడినది అశోకవనంలో, రాముని శిబిరంలో కాదు.

1984లో సౌతాల్‌లో ఒక భారతీయ గృహిణి, ఇంట్లో హింసకు గురైన పిమ్మట, ఉరితో ప్రాణం విడిచింది. తోబుట్టువులు ఊరేగింపుగా వెళ్లి ఆ అత్తవారింటి ముందే నిలబడి నిరసించారు. ఇరుగుపొరుగు చూస్తుండగా ఇంటిగుట్టు వీధిన పడింది.

సంఘం పేరు దేశమంతటా మారుమ్రోగింది మాత్రం కిరణ్‌జిత్ అహ్లువాలియా కేసుతో. 1979లో పెళ్లి చేసుకొని ఇంగ్లండు వెళ్లిన ఆమె పదేళ్లు దెబ్బలు తిన్నది. 1989 మేలో ఒక రాత్రి నిద్రించుచున్న భర్త కాళ్లకు నిప్పు పెట్టింది. కొద్ది దినాలకు అతడు మరణించాడు. ఆ డిసెంబరులో న్యాయస్థానం ఆమెను హంతకురాలిగా నిర్ణయించి యావజ్జీవ శిక్ష విధించింది. 1949 నాటి తీర్పు ప్రకారం, రెచ్చగొట్టబడినవారు ‘ఆకస్మికంగా, తాత్కాలికంగా’ నిగ్రహం కోల్పోతేనే శిక్షలో మినహాయింపు. తన్నులు తిని, అతడు నిద్రపోయేదాకా వేచియున్న స్త్రీకి ఆ ‘ఆకస్మికం’ ఎక్కడిది? బలవంతుని కోపాన్ని కొలిచే కొలమానంతో బలహీనుని భయాన్ని కొలిచారు. తోబుట్టువులు ఆమె పక్షాన ప్రచారం నడిపారు. 1992 జూలైలో అప్పీలు కోర్టు తీర్పును కొట్టివేసింది. ఆమె మానసిక స్థితినిగూర్చిన కొత్త సాక్ష్యం అందుకు ఆధారం. సెప్టెంబరు 25న ఆమె విడుదలయింది. 2009 నాటి చట్టంలో పాత నిబంధన పోయి, కోల్పోయిన నిగ్రహం ‘ఆకస్మికం’ కానక్కరలేదని వచ్చింది. ఆమె కథనే ‘ప్రొవోక్డ్’ అను చిత్రంగా మనలో చాలామంది చూశారు.

అంతకంటె మెల్లగా, అంతకంటె ఎక్కువమందికి పనికివచ్చిన పోరాటం వీసాది. భర్తవెంట వచ్చిన స్త్రీ మొదటి యేడాది కాపురంలో నిలవాలి. లేకుంటే దేశం విడవాలి. పైగా ప్రభుత్వ సహాయం ఏదీ పొందరాదు. ఆశ్రమంలో తలదాచుకోవాలన్నా అద్దె కట్టే దిక్కు లేదు. కొట్టే మగనికి ప్రభుత్వమే చేతికర్ర అందించినట్లు. పదేళ్లకు పైబడిన ఒత్తిడి తరువాత 1999లో హింసకు గురైనవారికి సడలింపు వచ్చింది, 2002లో నిబంధనలలో చేరింది. ఇంతలో గడువును 2003లో రెండేళ్లకు, 2012లో ఐదేళ్లకు పెంచారు! ఆ 2012లోనే, హింసకు గురైన భార్యలకు మూడు నెలలపాటు ప్రభుత్వ సహాయం పొందే వీలు కల్పించారు.

2008లో ఈలింగ్ కౌన్సిల్, స్త్రీలందరికీ కలిపి ఒకే సేవ చాలునని ఈ సంఘం నిధులు ఆపబోయింది. ‘బ్లాక్’ అన్న పేరే సమాజంలో చీలిక తెస్తుందన్న వాదం కూడా వచ్చింది. కేసు హైకోర్టుకెక్కింది, విచారణ నడుస్తుండగానే కౌన్సిల్ వెనక్కు తగ్గింది. అయినను న్యాయమూర్తి మోజెస్, ప్రత్యేక అవసరాలున్నవారికి ప్రత్యేక సేవ చట్టసమ్మతమేనని తీర్పు వ్రాశారు.

భార్యగా వీసా పొందినవారికి దొరికిన ఆ మూడు నెలల నీడ, విద్యార్థినిగానో సందర్శకురాలిగానో వెళ్లి హింసలో చిక్కినవారికి దొరకలేదు. 2021లో గృహహింసపై కొత్త చట్టం వచ్చినా వారిని అందులో చేర్చలేదు. ప్రయోగాత్మకంగా ఒక సహాయ పథకం మాత్రం పెట్టారు. దాని నిర్వహణ ప్రభుత్వం అప్పగించింది తోబుట్టువులకే. ఆ మరుసటి జనవరిలో, చేరిన నలభైయేళ్లకు, ప్రజ్ఞా పటేల్ సంఘ బాధ్యతలనుండి తప్పుకొన్నారు.