మెదడు అలలు మారిస్తే డిప్రెషన్ పోతదా?

మెదడుల కరెంటు నడుస్తది. 1924ల జర్మనీ డాక్టర్ హన్స్ బెర్గర్ దాని అలలను మనిషి నెత్తి మీదికెల్లి మొదటిసారి రికార్డు చేసిండు. నిమ్మళంగ కండ్లు మూసుకుంటే సెకనుకు 8 నుంచి 12 సార్లు లేచే అల ఆల్ఫా. డిప్రెషన్ ఉన్న కొందరికి నొసటి వెనుక ఎడమ దిక్కు ఆల్ఫా ఎక్కువుంటదని కొన్ని పరిశోధనలు చెప్పినయి. అందరిల అట్ల కనిపియ్యలే.

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే ఆ అలలను మార్చే సాధన. నెత్తికి తీగలు అతికిస్తరు, షాక్ మాత్రం ఇయ్యరు. అల అనుకున్నట్టు మారితే తెర మీద బొమ్మ నడుస్తది, లేకుంటే ఆగుతది. కొందరికి నయమైంది గని, అది అలలు మారినందుకా, నమ్మకంతోనా అన్నది తేలలే. గోళీలు బంద్ చేసి దీని ఎంబడి పడొద్దు. వేలకు వేలు కట్టే ముందు టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యుండ్రి, పైసలడగరు.