రాచపుండుపై యంత్రహస్తం
పురీషనాళపు రాచపుండును కోసి తీయవచ్చునని 1826లో ఫ్రెంచి వైద్యుడు లిస్‌ఫ్రాంక్ చూపించాడు. కాని కురుపు మళ్ళీ పుట్టేది. వ్యాధి శోషరస నాళాల వెంట పైకి పాకుతుందనీ, వాటినీ తొలగించాలనీ 1908లో ఇంగ్లండులో మైల్స్ వివరించాడు. నాళం చుట్టూ ఉన్న కొవ్వు పొర చిరగరాదని 1982లో హీల్డ్ తెలిపాడు. ఇరుకైన కటికుహరంలో ఇది కష్టసాధ్యం. చిన్న రంధ్రాల గుండా పనిచేసే యంత్రహస్తం ఇక్కడ తోడ్పడుతుంది. అది తనంత తాను కోయదు. వైద్యుని చేతి కదలికలనే అనుసరిస్తుంది.

2017లో ప్రకటించిన 471 మంది రోగుల పరీక్షలో, పొట్టను పెద్దగా కోయవలసిన అవసరం యంత్రం వల్ల చెప్పుకోదగినంత తగ్గలేదు. 2025 నాటి చైనా పరీక్షలో మాత్రం మూడేళ్ళలో అక్కడే వ్యాధి తిరిగి రావడం 4 శాతం నుండి 1.6 శాతానికి తగ్గినది.

2023లో హైదరాబాదు నిమ్స్‌కూ ఇట్టి యంత్రం వచ్చినది. అయినా మలంలో నెత్తురు కనిపిస్తే, మూలశంక అనుకొని ఊరకుండక, బద్వేలులోనే వైద్యునికి చూపించుకోవడం మొదటి మేలు.