పదిమంది పెట్టిన పేరు

‘నలుగురితో నారాయణా’ అంటారు పెద్దలు. పదిమంది నడిచే దారిలో మనమూ నడవాలని దాని భావం. కానీ ఆ పదిమందీ కలిసి ఒక తెగను దొంగల తెగ అంటే ఏమవుతుంది? దాని ఫలితం అనుభవించినవాళ్లం మేము. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేకను భుజాన వేసుకొని పోతున్న బ్రాహ్మణుడి కథ అందరికీ తెలుసు. ముగ్గురు మోసగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎదురై, అది కుక్క అన్నారు. మూడోవాడు కూడా అనేసరికి ఆయన తన కళ్లనే నమ్మలేక మేకను వదిలేశాడు. పక్కవాళ్ల మాటకు అంత బలం ఉంది. మా విషయంలో ఆ మాట ఏకంగా చట్టమే అయింది.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. నల్లమల దారులకు, శ్రీశైలం యాత్రికులకు చెంచులు కాపలా కాసేవారు. కోస్తా ఉప్పును ఎరుకలవారు గాడిదల మీద, సుగాలీలు ఎద్దుల మీద మెట్ట ఊళ్లకు చేర్చేవారు. అప్పట్లో మేము తిరిగితేనే ఊళ్లకు ఉప్పు దొరికేది. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, తర్వాత రైలు వచ్చింది. బేరం పోయినా తిరుగుడు పోలేదు. సరుకుతో వస్తే వర్తకుడన్న మనిషినే, వట్టి చేతులతో వస్తే అనుమానించారు.

1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ప్రకటించిన తెగలో పుట్టడమే నేరం. పేరు నమోదు చేయాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. ఎరుకలవారిని ఉంచడానికి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంట్లు నడిపాయి.

పేరు పడ్డాక జరిగేది ఇది. ఊళ్లో గొర్రె పోతే ముందు మా గుడిసెలే వెతుకుతారు. వెతికిన ఇంటివాడికి కూలి ఇవ్వరు. కూలి లేకపోతే పొయ్యి వెలగదు. ఆకలికి ఎవడో ఒకడు చెయ్యి చాస్తే, ‘మేము ముందే అన్నాం కదా’ అంటారు. అన్న మాటే నేరానికి దారి వేసిందని ఎవరూ అనరు. మాటే తనను తాను నిజం చేసుకునే ఈ తీరును రాబర్ట్ మెర్టన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1948లో వివరించాడు.

ఇది లోపలికీ పాకుతుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో 642 మంది మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారులు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు అగ్రకులాల పిల్లలతో దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించాక వెనకబడ్డారు. పిల్లల తెలివి అదే, చుట్టూ ఉన్న చూపు మారింది. తరగతిలో తెగ పేరు చెప్పి లేచి నిలబడిన రోజు మాలో చాలామందికి గుర్తుంది. తెలిసిన జవాబు కూడా ఆ రోజు నోట రాలేదు.

అయితే పదిమంది కట్టినదాన్ని పదిమంది విప్పారు కూడా. నెల్లూరు సీమలో యానాదుల కోసం వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు ఈ చట్టంపై పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో అది రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫారసు తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది.

చట్టం పోయింది, మాట ఉంది. అది మా మధ్య కూడా ఉందని ఒప్పుకోవాలి. తండాలో కూర్చుని ఎరుకలవాడ గురించి, ఎరుకలవాడలో కూర్చుని చెంచుగూడెం గురించి ‘వాళ్లంతే’ అని మేమూ అంటున్నాం. మాపై పడిన మాటనే ఇంకొకరి మీద వేస్తున్నాం.

మార్కాపురం పలకల మీద తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. పలక మీది తప్పును తడిగుడ్డతో తుడుస్తాం. మనుషుల మీద రాసినదాన్ని మాత్రం రాసినవాళ్లే తుడవాలి. మేము రాసిన వంతు మేము తుడుస్తాం. మిగతాది ఊరు తుడవాలి.