అలీ

తెలుగు హాస్యనటుడు, టీవీ వ్యాఖ్యాత. 1968లో రాజమండ్రిలో పుట్టాడు. భారతీరాజా 'సీతాకోకచిలుక' (1981)లో బాలనటుడిగా గుర్తింపు పొందాడు. ఎస్.వి. కృష్ణారెడ్డి 'యమలీల' (1994)తో కథానాయకుడై, విజయం దక్కినా మళ్లీ కామెడీకే వచ్చాడు. అతని అసలు బలం అక్కడే. అర్థంపర్థం లేని 'ఎంద చాట' లాంటి మాటలనూ జనం నోళ్లలో నానేలా చేశాడు. 'పోకిరి' (2006)లో బిచ్చగాడిగా బ్రహ్మానందాన్ని ముప్పుతిప్పలు పెట్టే సన్నివేశాలు మరో మచ్చుతునక.

ఈటీవీ 'అలీతో సరదాగా'లో పాత నటులను కూర్చోబెట్టి, నవ్విస్తూనే వాళ్ల కష్టకాలాన్ని చెప్పించాడు.

'తొలిప్రేమ' నుంచి పవన్ కల్యాణ్ సినిమాల్లో చాలావాటిలో కనిపిస్తూ వచ్చిన అలీ, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరాడు. ఆ ఏడాది ఎన్నికల్లోనే ప్రత్యర్థి పక్షాన పోటీ చేసిన పవన్ గాజువాకలో, భీమవరంలో ఓడిపోయారు. స్నేహితుల మధ్య మాటల తూటాలూ పేలాయి. 2024 ఎన్నికల తర్వాత అలీ ఆ పార్టీని వీడాడు.