చదును నేల ఒక్కటే చాలదు

ఆమ్‌స్టర్‌డామ్ పేరెత్తగానే సైకిళ్ళు గుర్తొస్తాయి. ఎందుకలా అంటే చాలామంది ఠక్కున చెప్పే జవాబు ఒకటే: అక్కడ నేల చదును, వాళ్ళకి ముందునుంచీ అలవాటు. రెండూ నిజమే. కానీ 1950ల దాకా ఇంగ్లండులో కార్మికులు కూడా ఫ్యాక్టరీలకి గుంపులు గుంపులుగా సైకిళ్ళమీదే వెళ్ళేవాళ్ళు. అక్కడ పోయిన అలవాటు ఇక్కడెలా బతికి బట్టకట్టింది? దీనికి జవాబు నేలలో దొరకదు, చరిత్రలో వెతకాలి.

నిజానికి ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ అది పోవలసిందే. యుద్ధం తర్వాత జనం చేతిలో డబ్బులాడాయి, వీధులు కార్లతో నిండిపోయాయి. 1954లో నగర పోలీసు అధిపతి, కాలువలు పూడ్చి రోడ్లు వేద్దామన్నాడు. 1967లో డేవిడ్ జోకినెన్ అనే అమెరికన్ ప్లానర్ పాత పేటల్ని చీల్చుకుంటూ పోయే హైవేలు గీసి చూపించాడు. మధ్యలో 1965లో ప్రోవో అనే కుర్రకారు బృందం తెల్లరంగు వేసిన సైకిళ్ళని తాళం లేకుండా వీధుల్లో వదిలింది, ఎవరైనా తీసుకు తొక్కొచ్చని. పోలీసులు వాటిని పట్టుకుపోయారు. కారణం? సైకిలుకి తాళం వెయ్యకపోవడం చట్టవిరుద్ధమట!

ఈ కథ మలుపు తిరిగింది చావుల దగ్గర. 1971 ఒక్క ఏడాదిలోనే నెదర్లాండ్స్‌లో మూడు వేలమందికి పైగా రోడ్లమీద చనిపోయారు. వాళ్ళలో నాలుగు వందలమందికి పైగా పిల్లలు. కూతుర్ని అలాగే పోగొట్టుకున్న ఫిక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత మరుసటి ఏడాది ఒక వ్యాసం రాశాడు. 'పిల్లల హత్యలు ఆపండి' అన్న ఆ శీర్షికే ఉద్యమానికి పేరైంది. ఆ మాటలోనే ఉంది అసలు సంగతి. ప్రమాదం అంటే తలరాత అని సరిపెట్టుకుంటాం. హత్య అంటే మాత్రం, చేసిందెవరని అడగాల్సొస్తుంది. తల్లిదండ్రులు వీధులకి అడ్డంగా బల్లలు వేసి భోజనాలు చేశారు, పిల్లల్ని అక్కడే ఆడించారు. 1973లో చమురు సంక్షోభం తోడైంది. నవంబరు 4 నుంచి కొన్ని ఆదివారాలు కార్లు బయటికి రాకూడదన్నారు. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్ళు తొక్కారు. వీధి ఇంకోలా కూడా ఉండగలదని కళ్ళారా చూశారు.

అదే దశకంలో కోపెన్‌హేగెన్‌లో, సైకిలిస్టులు చనిపోయిన చోటల్లా రోడ్డు మీద తెల్ల శిలువలు గీశారు. చెరువుల పక్కన రావలసిన హైవే రద్దయింది. ఈ రెండు నగరాలనీ ఒకే గాటన కట్టేస్తాం గానీ పద్ధతులు వేరు. కోపెన్‌హేగెన్ పెద్ద రోడ్ల పక్కనే, రోడ్డుకన్నా కాస్త ఎత్తుగా, ఫుట్‌పాత్ కన్నా కాస్త పల్లంగా సైకిలు దారి వేసింది. డచ్చివాళ్ళు దాంతోపాటు లోపలి వీధుల్లో కార్ల వేగాన్నీ, రాకపోకల్నీ తగ్గించారు.

దారులు వేస్తే చాలా మరి? చాలదని చెప్పే ఊరు లండన్‌కి ఉత్తరాన ఉన్న స్టీవనేజ్. 1950ల నుంచే అక్కడ ఎరిక్ క్లాక్స్‌టన్ అనే ఇంజనీరు విడిగా, అండర్‌పాస్‌లతో సహా, చక్కటి సైకిలు దారులు వేయించాడు. తానూ సైకిలు తొక్కేవాడు. అయినా జనం కార్లే ఎక్కారు. ఎందుకంటే ఆ ఊళ్ళో కారు నడపడం అంతకన్నా సుఖం. రోడ్లు విశాలం, అడ్డంకులు లేవు. సైకిలుకి ఇచ్చారు గానీ కారు దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు. డచ్చివాళ్ళకీ ఇలాంటి పాఠమే ఎదురైంది. 1970ల్లో హేగ్‌లో, టిల్‌బర్గ్‌లో ఒక్కో దారి ఘనంగా వేసి చూస్తే తొక్కేవాళ్ళు పెద్దగా పెరగలేదు. దారులన్నీ ఒకదానితో ఒకటి కలవాలని అర్థమై, 1980ల్లో డెల్ఫ్ట్ ఊరంతటికీ వల అల్లారు.

ఆ పాఠం బాగా వంటబట్టించుకున్నది స్పెయిన్‌లోని సెవిల్. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊరు. 2006 తర్వాత కొద్ది ఏళ్ళలోనే, కార్ల పార్కింగ్ జాగాలు లాక్కుని మరీ, సుమారు 80 కిలోమీటర్ల వలని ఒక్కసారిగా వేసేసింది. ప్రయాణాల్లో ఒక శాతం కూడా లేని సైకిలు వాటా ఆరేడు శాతానికి చేరింది. పారిస్ మాత్రం వెనకనుంచి మొదలుపెట్టింది: 2007లో అద్దె సైకిళ్ళు ముందొచ్చాయి, రివోలీ వీధిని చాలావరకు సైకిళ్ళకి వదిలింది 2020లో. లండన్ 2010లో నీలం రంగు పూసి సూపర్‌హైవే అంది. రంగు లారీని ఆపదని తెలిశాక గట్లు కట్టింది.

ఏ నగరం సైకిలుకి ఎంత అనుకూలం అని ఏటా జాబితాలు వస్తుంటాయి, కిలోమీటర్లు లెక్కపెడతాయి. కానీ 1970ల్లో వీధిలో బల్లలేసి కూర్చున్న ఆ తల్లులు కిలోమీటర్లు అడగలేదు. మా పిల్ల ఒక్కతే బడికి వెళ్ళి తిరిగొస్తుందా అని అడిగారు. నెదర్లాండ్స్‌లో ఇప్పుడు రోడ్లమీద చనిపోయే పిల్లల సంఖ్య ఆనాటి దాంట్లో చిన్న భాగం. ఆ ఘనతంతా సైకిలు దారులదే కాదు, వేగ పరిమితులూ మెరుగైన వైద్యమూ కూడా ఉన్నాయి. అయినా ఏ నగరాన్ని కొలవాలన్నా ఆ ప్రశ్నకన్నా మంచి కొలబద్ద ఇంకా దొరకలేదు.