పని భంగిమ: అదే బరువు, వేర్వేరు శ్రమ

అండమాన్ నికోబార్ దీవుల పారిశ్రామిక చరిత్రలో చాథం రంపపు మిల్లుది ప్రత్యేక స్థానం. నేడు శ్రీ విజయ పురంగా పిలిచే పోర్ట్ బ్లెయిర్‌కు వంతెనతో కలిసి ఉన్న చిన్న దీవిపై 1883లో ఈ మిల్లు ఏర్పడింది. ఇది అటవీ శాఖకు చెందినది. దుంగను రంపం వద్దకు జరపడం, కోసిన పలకను అందుకోవడం, పలకలను దొంతరగా పేర్చడం వంటి పనుల్లో కార్మికుని శరీరం పదేపదే వంగుతుంది, మెలి తిరుగుతుంది. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి గ్రామాల్లో వడ్రంగం, తాపీ, సరుకు దించే పనులకూ ఇదే వర్తిస్తుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

వెన్నుపై పడే భారం

మోసే బరువు ఎంత అన్నదానితో పాటు, అది శరీరానికి ఎంత దూరంలో ఉంది అన్నదీ శ్రమను నిర్ణయిస్తుంది. నడుము కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల వెనుక నుంచి లాగుతాయి. 20 కిలోల పలక వెన్నెముకకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దానిని నిలపడానికే ఆ కండరాలు దాదాపు 100 కిలోల బలం ప్రయోగించాలి. చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది 200 కిలోలవుతుంది. ముందుకు వంగినప్పుడు మొండెం బరువు దీనికి తోడవుతుంది.

అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. చీలమండల నుంచి చేతులకు దూరం 25 నుంచి 50 సెంటీమీటర్లకు పెరిగితే ఈ పరిమితి సగానికి పడిపోతుంది. మొండెం పక్కకు తిరిగి ఎత్తితే ఇంకా తగ్గుతుంది.

కదలని శ్రమ

వంగి నిలబడటం కూడా శ్రమే. బిగుసుకుని ఉన్న కండరంలో రక్త ప్రసరణ తగ్గుతుంది. అందువల్ల వస్తువు కదలకపోయినా అలసట వస్తుంది. ఖర్చయిన శక్తిలో కొంత ఉత్పత్తికి కాక, కేవలం శరీరాన్ని నిలబెట్టడానికే పోతుంది. దీవుల ఉక్కపోతలో చెమట త్వరగా ఆరదు కనుక ఈ అదనపు శ్రమ మరింత భారమవుతుంది. అలసిన చేయి తడబడితే రంపం దగ్గర ప్రమాదం పొంచి ఉంటుంది.

ఎత్తు సరిచేస్తే

పని బల్ల ఎత్తుకు మోచేయి కొలత. నిలబడి చేసే తేలిక పనికి బల్ల మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు దిగువన ఉండాలి. బలం ప్రయోగించే పనికి 15 నుంచి 40 సెంటీమీటర్లు దిగువన, సున్నితమైన పనికి మోచేతికి కొంచెం ఎగువన ఉండటం మేలు.

అమెరికాకు చెందిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీ పనిలో ఇటుకలను నేలపై కాక, ఎత్తు సర్దుకునే పరంజాపై మేస్త్రీ చేతికందేలా ఉంచారు. ఒక్కో ఇటుకకు 18 కదలికలు 5కు తగ్గాయని, గంటకు 120 ఇటుకలు పేర్చే చోట 350 పేర్చగలిగారని 1911లో ఫ్రెడరిక్ టేలర్ తన గ్రంథంలో నమోదు చేశారు. ఇక్కడ మారింది కార్మికుని బలం కాదు, ఇటుకలు ఉంచిన చోటు.

చట్టం ఏమంటోంది

భారత్‌లో 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్, గాయం కలిగించేంత బరువును కార్మికునిచేత ఎత్తించడాన్ని నిషేధించింది. నిలబడి పనిచేయవలసిన వారికి అవకాశం దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 44వ సెక్షన్ నిర్దేశించింది. కూర్చునే ఏర్పాటు అంశం 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఉంది.

"సరిగా వంగు" అన్న సలహా ఒక్కటే చాలదు. దుంగలు దొర్లించే రోలర్లు, చక్రాల బండి, నడుము ఎత్తులో దొంతరలు, ఇద్దరు కలిసి మోయడం, మధ్యమధ్య విరామం, తాగునీరు అవసరం. ఎంత మంచి భంగిమ అయినా గంటల తరబడి మారకుంటే బాధిస్తుంది కనుక పనుల మార్పిడీ ఉండాలి. రోజు కూలిపై బతికే కుటుంబానికి నడుము నొప్పి అంటే ఆగిపోయిన ఆదాయం. బల్లను ఒక జానెడు ఎత్తు పెంచడానికి అయ్యే ఖర్చు దానికంటే చాలా తక్కువ.