పాత బస్సు - కొత్త కాపురము

ఒక పనికై నిర్మించిన వస్తువును వేరొక పనికి మలచుకొన్నప్పుడు, మొదటి పనిలో గుణమైనదే రెండవ పనిలో చిక్కు తెచ్చుట కలదు. అమెరికాలో పాత పాఠశాల బస్సులు విహారగృహములుగా మారిన చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ దేశపు పల్లెపిల్లలను బడికి చేర్చు బండ్ల పైకట్టడము చెక్కతో చేసెడివారు. గతుకుల బాటలపై ఆ చెక్క ఎంతోకాలము నిలిచెడిది కాదు. ఇది గమనించి, జార్జియా రాష్ట్రములో ఫోర్డు కార్ల వ్యాపారియైన ఆల్బర్ట్ ల్యూస్ 1927లో ఉక్కు చట్రముతో ఒక బస్సును కట్టించెను. 'బ్లూ బర్డ్' బస్సుల సంస్థకు అదియే నాంది. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో ఆచార్య ఫ్రాంక్ సయర్ ఒక సమావేశమును జరిపెను. పాఠశాల బస్సులకు 44 ప్రమాణములు అక్కడ ఏర్పడినవి. ఆ బస్సులకు పసుపు రంగు ప్రమాణమైనది కూడ అప్పుడే.

ఉక్కుతో కట్టిన బస్సు బడి కొలువు ముగిసిన పిదప కూడ దృఢముగానే ఉండెను. అందుచేత వాటిని కొని ఇండ్లుగా మార్చుకొనువారు బయలుదేరిరి. 1939 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బస్సు నొకదానిని కాలిఫోర్నియాలో ఒక గృహస్థు తన పిల్లలతో సెలవులు గడుపుటకై పడకలు, వంటగది అమర్చి ఉంచెను. నవలా రచయిత కెన్ కీసీ 1964లో దానిని కొని, కప్పునకు రంధ్రము చేసి పైన కూర్చుండుటకు వేదిక కట్టించెను. ఆ వేసవిలో మిత్రులతో న్యూయార్కునకు ప్రయాణము కట్టెను. అరిజోనా ఎడారిలో బస్సు ఇసుకలో దిగబడినది!

బస్సును ఇల్లు చేయుటలోని చిక్కులన్నియు దాదాపు ఉక్కు స్వభావము నుండియే పుట్టును. ఉక్కు ఉష్ణవాహకత చెక్కకన్న కొన్ని వందల రెట్లు అధికము. పగటి ఎండ వేడియు, రాత్రి చలియు రేకుగుండా వెంటనే లోనికి వచ్చును. దీనికి విరుగుడుగా లోపల గాజుఉన్ని వంటి అధమవాహకమును పరచెదరు.

అంతకన్న మోసకరమైనది తేమ. చల్లని నీరు నింపిన చెంబు వెలుపల బిందువులు ఏర్పడుట మనమెరుగుదుము. నిద్రించువారి ఊపిరిలోని ఆవిరి చల్లని రేకుపై అట్లే నీరగును. దీనికి వంట తోడగును. ఒక కిలో బ్యూటేను వాయువు పూర్తిగా మండినచో సుమారు ఒకటిన్నర కిలోల నీరు ఆవిరి రూపమున వెలువడును. విద్యార్థులు రసాయన సమీకరణము వ్రాసి ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును. గాజుఉన్ని వెనుకకు చేరిన ఆవిరి కంటికి కనబడకుండ రేకును తుప్పు పట్టించును. కావున ఆవిరి పోవుటకు పైన గాలిదారి ఉండవలెను. ఈ వాయువు గాలికన్న బరువైనది. కారినచో నేలనంటి నిలుచును, నిప్పు తగిలిన ప్రమాదము. అందుచే నేలమట్టమున కూడ గాలిదారి అవసరము.

ఇక బరువు. 200 లీటర్ల నీటితొట్టి నిండిన 200 కిలోలు. దానిని కప్పుపై నుంచిన గరిమనాభి పైకి పోయి, మలుపులలో బస్సు పక్కకు ఒరుగును. ఒక పక్కకే ఉంచిన ఆ వైపు చక్రములకు భారము హెచ్చును. క్రిందుగా, ముందు వెనుక ఇరుసుల నడుమ ఉంచుట మేలు. సగము నిండిన తొట్టిలో నీరు అటునిటు ఊగకుండ లోపల అడ్డుపలకలు కూడ పెట్టవలెను.

కీసీ బస్సు చివరకు ఆరెగాన్ రాష్ట్రములోని అతని పొలమున, తేమ నిండిన చెట్ల నడుమ ఏండ్ల తరబడి పడియుండి తుప్పు పట్టినది. 2005లో దానిని బయటకు లాగిరి. గతుకుల బాటలను ఓర్చిన ఉక్కు, నిలిచియున్న చోట తడిని ఓర్వలేకపోయినది. పాత బస్సులో కాపురము పెట్టదలచినవారు అందలి పడకలను, పొయ్యిని ఎంచుటకు ముందు, నేలరేకును తట్టి చూచుట మంచిది.